ఫొటో ముందా, పేషెంటు ముందా

కార్డు మీద రాయని పని

నా విజిటింగ్ కార్డు మీద ‘వైద్య సమన్వయాధికారి’ అని అచ్చేసి ఉండేది. అంటే ఏమిటని అడిగినవాళ్ళకు ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు స్వచ్ఛందంగా రిటైరై ఇంట్లో కూర్చున్నాను, నన్ను పీకేవాళ్ళు లేరు కాబట్టి చెబుతాను. చర్మం డాక్టర్ల క్లినిక్కుల్లో గోక్కుంటున్నవాళ్ళ మధ్య గంటలకొద్దీ కూర్చోవడం, నా వంతు వచ్చాక లోపలికి వెళ్ళడం, ‘ఎక్కడమ్మా దురద’ అని అడిగితే ‘నాకేం లేదు సార్, మీకు కంప్యూటర్లో పేషెంట్లను చూపించడానికి వచ్చాను’ అనడం, ఆయన తలుపు వైపు చూస్తే లేచి బయటికి నడవడం. అదీ నా పని.

ఈ మధ్య ఈ రంగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు కొందరు వచ్చి, ‘మేడమ్, మొదట్లో మీరు డాక్టర్లను ఎలా ఒప్పించారు, ఏ ప్రెజెంటేషన్ చూపించారు’ అని అడిగారు. ప్రెజెంటేషన్ చూసి ఒప్పుకున్న డాక్టరు నాకైతే తగల్లేదు. తగిలితే వాళ్ళే నాకు చెప్పాలి. అసలు జరిగిందేమిటో వాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రమోషన్లు, మీటింగులు, ఫైళ్ళు రాయను. అవి జరుగుతున్నప్పుడే నాకు నిద్రొచ్చేది.

ఇది తొంభైల చివర్లో మాట. హైటెక్ సిటీ అనే పేరు ఆటోవాళ్ళ నోటికింకా పట్టలేదు. మాదాపూర్‌లో ఒక రెండంతస్తుల ఇంట్లో కింద టైల్స్ గోడౌను, పైన మా కంపెనీ. చుట్టూ బండలు. కొత్త భవనాల కోసం ఆ బండల్ని పేల్చేవాళ్ళు. పేల్చే ముందు విజిల్ వేసేవాళ్ళు, విజిల్ వినగానే మేమంతా మా మానిటర్లను చంటిపిల్లల్ని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేవాళ్ళం. ఒకసారి నేను ఎంతో బతిమాలి ఒక పెద్ద డాక్టరు గారిని డెమో చూడ్డానికి పిలుచుకొచ్చాను. ‘భవిష్యత్తు అంతా ఇక్కడే ఉంది సార్’ అంటుండగా విజిల్, వెంటనే ఢాం. ఆయన బల్ల కిందికి వెళ్ళిపోయారు. బయటికొచ్చాక ప్యాంటు దులుపుకుని, ‘భవిష్యత్తుని కాస్త నెమ్మదిగా రమ్మనండి’ అన్నారు. మళ్ళీ నా ఫోను ఎత్తలేదు.

మా రెడ్డి గారు

మా ఎండీ ఓబులరెడ్డి గారిది అనంతపురం వైపు. అంతకుముందు మియాపూర్ అవతల ప్లాట్లు అమ్మేవారు. ఎవరో ఆయనకు ఇకమీదట భూమి కాదు, సాఫ్ట్‌వేరే అని చెప్పారు. ఆయన నమ్మారు. పైగా ఆయనకు మెడ మీద పాత తామర ఒకటి ఉండేది, డాక్టరు దగ్గర కూర్చోవాలంటే చికాకు. ఆ రెండూ కలిసి మా కంపెనీ పుట్టింది. ఇన్నేళ్ళలో చాలా కంపెనీలు చూశాను, ఇంతకన్నా గట్టి పునాది దేనికీ లేదు.

బాలానగర్‌లో కార్ఖానాల మధ్య ఒక గది తీసుకుని అక్కడ మా సెంటర్ పెట్టాం. అందులో ఒక నర్సు, ఒక డిజిటల్ కెమెరా, ఒక కంప్యూటర్, ఒక ఫోను లైను. నర్సు పేషెంటుకు ఫొటో తీస్తుంది, అది ఫోను లైను మీద డాక్టరు కంప్యూటర్‌కి వెళ్తుంది, డాక్టరు చూసి ఫోనులో మందు చెబుతారు. పనివాడు ఒకపూట కూలి పోగొట్టుకుని ఊరికి అవతలున్న క్లినిక్‌లో పడిగాపులు పడక్కర్లేదు. చెప్పుకోడానికి చక్కగా ఉంది కదా. నర్సు ఉంది, కెమెరా ఉంది, లైను ఉంది. డాక్టరు లేరు.

ఆ నర్సు ఎస్తేరు సిస్టర్. గుంటూరు దగ్గర ఒక నర్సింగ్ హోములో ఖాయమైన ఉద్యోగం చేసుకునేది. ‘ఇక్కడికి రా, కొత్త రంగం, మంచి భవిష్యత్తు’ అని ఆమెను మాన్పించి తీసుకొచ్చింది నేనే. ఆమె ఇద్దరు పిల్లల్నీ బాలానగర్ బళ్ళో వేసి, చర్చి పక్కన గది కిరాయికి తీసుకుని స్థిరపడిపోయింది.

ఒకరోజు రెడ్డి గారు నన్ను పిలిచారు.

“హైమమ్మా, ఎన్నాళ్ళని ఆ గదికి బాడుగ కట్టేది? నేను ప్లాటు చూపిస్తే కొనకుండా పోయినోడు లేడు. నువ్వు ఒక్క డాక్టరును పట్టుకురాలేకపోతాండావే.”

“ప్లాటు మాట్లాడదు సార్. డాక్టర్లు మాట్లాడతారు.”

“అదంతా నాకు తెల్దు. ఉగాదిలోపల పేరున్న చర్మం డాక్టరు ఒక్కరన్నా ‘నేను చూస్తా’ అని ఒప్పుకోవల్ల. లేదంటే ఆ సెంటరు మూసేస్తా. సిస్టరును పంపించెయ్.”

“నన్నో?”

“నువ్వు యాడికి పోతావమ్మా. కింద టైల్స్ అమ్ముదువులే. నీ నోటికి బాగా పోతాయి.”

నాకు టైల్స్ అమ్మడం కన్నా, ఎస్తేరుకు ఈ మాట చెప్పడమంటే ఎక్కువ భయమేసింది.

వద్దనడంలో రకాలు

చర్మం డాక్టర్లు టెలిమెడిసిన్ వద్దనడానికి చెప్పే కారణాలు ఎన్నో ఉంటాయి, అసలు కారణం వాటిలో ఉండదు. ఒకాయన రంగులు సరిగా రావన్నారు. ఆయన గదిలో ఆకుపచ్చ కర్టెన్లు, ఆకుపచ్చ గోడలు. అక్కడికొచ్చిన ప్రతి మనిషీ కామెర్లు వచ్చినట్టుండేవాడు. ఇంకొకాయన రోగుల రహస్యం బయటపడుతుందన్నారు, తలుపు బార్లా తీసిపెట్టి, బయటున్న వాళ్ళందరికీ వినపడేలా. మరొకాయన ఫీజు ఏ దారిన వస్తుందో చెప్పమన్నారు. ఆయనొక్కరే నిజాయితీపరుడు.

అమ్మాయిలూ, ఒక్క మాట. వద్దనేవాళ్ళతో ఫికర్ లేదు. వెంటనే ‘ఓ, తప్పకుండా’ అనేవాళ్ళున్నారే, వాళ్ళే ముంచుతారు. అమీర్‌పేటలో ఒక కుర్ర డాక్టరు నేను కూర్చోకముందే ఒప్పుకున్నాడు. సంబరంగా కంప్యూటర్ పంపించాం. వాళ్ళమ్మగారు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన లేసు గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద కొడుకు పెళ్ళి ఫొటో పెట్టారు. పెళ్ళి ఫొటో తీస్తే గాని గుడ్డ తీయకూడదు, గుడ్డ తీస్తే గాని కంప్యూటర్ కనపడదు, ఫొటో తీస్తే కోడలు ఊరుకోదు. నెల తర్వాత వెళ్ళి కంప్యూటర్ వెనక్కి తెచ్చుకున్నాం. పసుపు మాత్రం కీబోర్డులోంచి చివరిదాకా పోలేదు.

అందుకే నాకు ఎదురు వాదించే డాక్టరంటే ఇష్టం. వాదిస్తున్నారంటే వింటున్నారని. నాకూ వాదన లేకపోతే అన్నం అరగదు, అది వేరే సంగతి.

పౌడరు

డాక్టర్లదే తప్పంటే అన్యాయం. మా వైపు కూడా గొప్ప పనులు జరిగాయి.

మొదట్లో నమూనాకని ఒకావిడ ఫొటో ముగ్గురు డాక్టర్లకు చూపించాం. ఒకరు శోభి అన్నారు. ఇంకొకరు బొల్లి మొదలవుతోందన్నారు. మూడో ఆయన చాలాసేపు చూసి, ‘ఈమెకేమీ లేదండి, బొట్టు కూడా బాగుంది’ అన్నారు. ఆవిడకున్నది బుగ్గల మీద మంగు. ఆటోలో బాలానగర్ పరిగెత్తాను.

సెంటర్‌లోకి అడుగుపెట్టేసరికి గోడకు అద్దం, అద్దం కింద దువ్వెన, పౌడరు డబ్బా, పక్కన జలపాతం బొమ్మున్న పరదా. ఒకాయన ఆ జలపాతం ముందు కుర్చీ మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

“ఏమిటిది సిస్టర్?”

“ఫొటోకండీ,” అంది ఎస్తేరు, ఎంతో శ్రద్ధగా.

“ఆ రోజు ఆవిడ మొహానికి పౌడరు రాసుకుందా?”

“ఆవిడ తక్కువే రాసుకున్నారండి. మెడ మీద తెల్లగా తేలకపోతే బాగోదని మిగతాది నేనే రాశానండి. ఫొటో అన్నాక పౌడరు లేకుండా ఎలా దిగుతారండీ?”

ఆమెను ఏమనాలి? నా పెళ్ళిచూపుల ఫొటోలో నేనూ పిండిలో దొర్లించినట్టే ఉంటాను. మన ఊళ్ళలో ఫొటో అంటే జన్మకు కొన్నిసార్లు జరిగే ముచ్చట. స్టూడియోకి వెళ్ళేటప్పుడు మొటిమను దాచిపెడతాం గానీ, మొటిమ కోసం స్టూడియోకి వెళ్ళం కదా.

“పౌడరు కడిగించి తియ్యి,” అన్నాను.

జలపాతం ముందున్నాయన నొచ్చుకున్నాడు. “గిట్లనే ఎట్ల దిగుతమమ్మా? దిక్కులేనోని లెక్క. డాక్టరు సారు చూస్తే ఏమనుకుంటడు?”

“నీకు రోగముందనుకుంటాడు. అనుకోవాలి కూడా.”

“రోగముంటే ఉండనీ. మనిషి జర మంచిగుండాలె గదా.”

ఈయనకు జబ్బు కాలి మడమ దగ్గర. అంతకుముందు ఈయనవి పంపిన ఫొటోల్లో ఒకదాన్లో ఆరుగురు ఉన్నారు. భార్య, పిల్లలు, ఊరి నుంచి వచ్చిన బావమరిది. ఫొటో ఊరికే తీస్తున్నారని తెలిసి అందరూ వచ్చారట. నమూనాకని చూపించిన డాక్టరొకరు ఫోను చేసి ‘ఇందులో రోగి ఎవరు’ అంటే, ‘చంకలో పాప ఉన్నాయనండి’ అంది ఎస్తేరు. ‘కాలు ఏది’ అంటే, ‘బూటులో ఉందండి.’ ఆ డాక్టరు గారు అప్పటినుంచి మా కంపెనీ పేరు చెబితే నవ్వుతారని విన్నాను. నవ్వితే నవ్వారు, ఒప్పుకోలేదు.

కాబట్టి ముందు నర్సుకు నేర్పండి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నేను తిరగేసి చేశాను. పరదా తీయించాను. దువ్వెన మాత్రం ఉంచనిచ్చాను, ఎస్తేరు మొహం చూసి.

ముట్టాలె

ఇక మిగిలింది ఒక్కరే, డాక్టర్ ప్రమీలాదేవి గారు. చిక్కడపల్లిలో క్లినిక్, పైన ఇల్లు. కరీంనగర్ మనిషి. ఊళ్ళో సగంమంది చర్మం డాక్టర్లు ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆవిడ ఒప్పుకుంటే మిగతావాళ్ళు నోరెత్తరు. అంతా తెలిసి ఆవిడను ఆఖరుకు ఎందుకు అట్టేపెట్టానంటే, భయం.

ఆ భయంతోనే వెళ్ళాను. ఆవిడ నా మాట పూర్తిగా విన్నారు. విని, నా ముంజేయి పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

“ఇగో, పొడిగున్నది. మోచేతి దగ్గర మందంగున్నది. ఏదో దిగులు పడుతున్నవ్, చల్లగున్నది. గివన్నీ నీ డబ్బా చెప్తదా? చర్మాన్ని చూస్తే సరిపోదు హైమా. ముట్టాలె.”

“ఒక్క పూట మీ దగ్గర కూర్చోనివ్వండి మేడమ్. నేర్చుకుంటాను.”

ఒప్పుకున్నారు. ఓ మూల స్టూలు మీద కూర్చున్నాను. జనం వస్తున్నారు, పోతున్నారు. ఆవిడ మనిషి తలుపు దాటకముందే జబ్బు కనిపెడుతున్నారు, కూర్చోకముందే మందు రాస్తున్నారు. ‘రాత్రిపూట రాయి, గోకకు, పో.’ ‘మళ్ళ మైసూరుపాక్ తిన్నవా? పో.’ నిజంగా గొప్ప కన్ను. మధ్యాహ్నం ఆవిడ కలం మూత పెట్టి, “ఏం నేర్చుకున్నవ్?” అన్నారు.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నా బతుకులో అది ఎప్పుడూ జరగలేదు.

“ముట్టాలన్నారు మేడమ్. పొద్దున్నించి మీరు ముట్టింది మందుల చీటీల పుస్తకాన్ని, టీ గ్లాసుని. మీరు ఆమడ దూరం నుంచి చూసే చెబుతున్నారు. నేనూ దూరం నుంచే చూడమంటున్నాను. కాకపోతే బాలానగర్ కాస్త ఎక్కువ దూరం.”

కాంపౌండరు చేతిలోని సీసా కింద పెట్టేశాడు. ఆవిడ టీ గ్లాసును పక్కకు జరిపారు.

“నోరు మస్తున్నది నీకు. సరే, పందెం. బాలానగర్ నుంచి నా దగ్గరికి యాదగిరి అని ఒకాయన వస్తడు. లేత్ మిషన్ మీద పని. చేతుల మీద ఒకటే పగుళ్ళు. ఎన్నిసార్లు మందిచ్చినా పనికి పోంగనే మళ్ళొస్తది. ఆయన ఫొటో గీడికి పంపు. అదే టైముకు ఆయన్ని బస్సెక్కమను. ఫొటో ముందొస్తే నీ డబ్బాల చూస్త. యాదగిరి ముందొస్తే?”

“వస్తే?”

“నీ డబ్బాను బాలానగర్ల తూకానికి అమ్ముకో. మళ్ళ నాకు కనపడకు.”

ఆఫీసుకొచ్చి చెప్పాను. రెడ్డి గారు కడుపుబ్బ నవ్వారు. “కంప్యూటరు బస్సు కంటే లేటొస్తాదా? ఏం డాక్టరమ్మా. నేనూ వస్తా ఆపొద్దు, దగ్గరుండి చూస్తా.”

మా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు మాత్రం నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మేడమ్, ఏ రూటు బస్సు?” అని అడిగాడు ఒకడు.

అప్పుడర్థమైంది. డాక్టర్లకు ఒక్క చుక్క కూడా పోకుండా కనపడాలని వాళ్ళు ఫొటోను ఏమాత్రం కుదించకుండా పంపించే పద్ధతి పెట్టారు. మా ఫోను లైను మీద అది అత్తారింటికి వెళ్ళే కొత్తల్లుడిలా ఆగి ఆగి వస్తుంది. మధ్యలో తెగితే మళ్ళీ మొదట్నుంచి.

“కుదించి పంపండి.”

“ప్రోగ్రాం మొత్తం మళ్ళీ రాయాలి మేడమ్. ఉగాది దాటుతుంది.”

ఉగాది దాటితే రాసి ఎవరికి చూపిస్తారు?

యాదగిరి బయల్దేరాడు

ప్రమీలాదేవి గారి క్లినిక్‌లో కంప్యూటర్ పెట్టడానికి బల్ల లేక, పేషెంట్లను పడుకోబెట్టే మంచం మీద పెట్టాం. రెడ్డి గారు తెల్ల సఫారీలో వచ్చి పక్కన కూర్చున్నారు. సమయానికి ఎస్తేరుకు ఫోను చేశాను.

“యాదగిరి గారు ఇంకా షెడ్డులోనే ఉన్నారండి. చేతులు కడుక్కుని, ఇంటికెళ్ళి చొక్కా మార్చుకుని బస్సెక్కుతారంట. సెంటర్‌కి రమ్మంటే లేటవుతుందన్నారండి. నేనే కెమెరా పట్టుకుని వెళ్ళి తీసేస్తానండి.”

“తియ్యి. చేతులు పడాలి. అద్దం, దువ్వెన అనకు.”

“అనేంత టైము లేదండి.”

కాసేపటికి మోడెమ్ కీచుమంది. తెర మీద పైనుంచి కిందికి, గీత గీతగా బొమ్మ దిగడం మొదలైంది. ముందు రేకుల కప్పు. తర్వాత మరికాస్త రేకుల కప్పు. తర్వాత ట్యూబులైటు.

“ఏమ్మా, ఇది మనిషేనా, షెడ్డా?” అన్నారు రెడ్డి గారు మెల్లగా.

“రేకుకు తుప్పు వట్టింది,” అన్నారు ప్రమీలాదేవి గారు. “ఏం మందు రాయమంటవ్ హైమా?”

బయట కూర్చున్న పేషెంట్లు ఒక్కొక్కరే వచ్చి తలుపు దగ్గర మూగారు. ‘ఏం సీన్మా?’ ‘సీన్మా కాదు, ఎవరిదో ఇల్లు.’ గోడకు దేవుడి క్యాలెండరు దిగింది, ఒక ముసలమ్మ దండం పెట్టింది. అప్పుడు జుట్టు కనపడింది. నేను రెడ్డి గారి వైపు గర్వంగా చూశాను. నుదురు వచ్చింది. కనుబొమలు వచ్చాయి. ఆగిపోయింది.

పై నుంచి కేక. “వదినా, ఫోన్ల ఎవరో ఏడుస్తున్నరు.”

పైన ఇంట్లో అదే లైనుకు ఇంకో ఫోనుంది. గ్యాసు బుక్ చేద్దామని ప్రమీలాదేవి గారి ఆడపడుచు రిసీవర్ ఎత్తింది.

“మేడమ్, ఇది మా తప్పు కాదు. మీ ఆడపడుచు గారు లైను తెంపారు.”

“పందెంల ఆడపడుచులు ఉండరని నేను చెప్పిన్నా?”

“ఆమె బస్సును కూడా ఆపాలి మరి, న్యాయమైతే.”

“ఆమె ఆపుతది. తెల్వదు నీకు. బస్టాపుల లేదు గాబట్టి బతికిపోయిండు యాదగిరి.”

మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ రేకులు. మళ్ళీ ట్యూబులైటు. ముసలమ్మ క్యాలెండరుకు మళ్ళీ దండం పెట్టింది. కాంపౌండరును మెట్ల మీద కాపలా పెట్టాం. నుదురు, కళ్ళు, ముక్కు. మీసం సగం దిగింది. గడియారం చూడ్డానికి నాకు ధైర్యం లేదు.

“నమస్తే అమ్మా,” అని తలుపు దగ్గర ఎవరో అన్నారు.

ఉతికి ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా, తడిపి దువ్విన జుట్టు, మొహం నిండా పౌడరు. ఆయన తెర వైపు చూసి, “అరె, గా మీసం నాదే,” అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. ప్రమీలాదేవి గారు కుర్చీలో వెనక్కి వాలారు. “రా యాదగిరీ, కూసో. నీ అసొంటి మనిషి లేడు.” ఆయన చేతులు రెండూ పట్టుకుని, నన్ను చూస్తూ, కావాలనే మెల్లగా, వేలు వేలూ నొక్కి నొక్కి చూశారు. శుభ్రంగా కడిగి, కొబ్బరినూనె రాసుకుని వచ్చిన చేతులు. “నూనెకు పగుళ్ళు మంచిగనే మెత్తబడ్డయి. అయినా జర పొడి. సబ్బుతోనే కడుగుతున్నవా?”

“సబ్బుతోనే అమ్మా.”

“అదే మందు రాయి,” అని చీటీ రాయడం మొదలెట్టారు.

రెడ్డి గారు జేబులోంచి కారు తాళాలు తీశారు. “హైమమ్మా, సోమవారం పోయి ఆ సిస్టరుకు చెప్పేసెయ్. గదికి కూడా నోటీసు ఇద్దాం.” కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఏదో ఒకటి వాదించేదాన్ని.

నేను కంప్యూటర్ ఆపలేదు. ఆపితే లేచి ఇంటికి పోవాలి, సోమవారం రావాలి, బాలానగర్ వెళ్ళాలి. ఆ బళ్ళో వేసిన పిల్లల్ని మళ్ళీ ఏ బళ్ళో వేయమని చెప్పాలి? అలాగే కూర్చుని తెరను చూస్తున్నాను. గడ్డం దిగింది. బనీను దిగింది. మోచేతులు దిగాయి. ముంజేతులు ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. మణికట్ల దాకా ఒక రేకు డబ్బాలో ముంచి ఉన్నాయి.

చీటీ చింపి ఇవ్వబోతూ ప్రమీలాదేవి గారు అటు చూశారు. చీటీ చేతిలోనే ఉండిపోయింది.

“ఏంది ఆ డబ్బాల?”

“అదా అమ్మా. పని అయినంక చేతులు కడుగుతం గదా.”

“దేంతోని?”

“గ్యాసునూనె, గదే కిరసనాయిలు. ఆయిలు మరక గట్లయితెనే పోతది. ఆనక బట్టల సోడా, రంపప్పొట్టు వేసి రుద్దుతం.”

“సబ్బుతోనే అంటివి గదయ్యా.”

“ఇంటికాడ సబ్బుతోనే అమ్మా. మీ దగ్గరికి వచ్చేటప్పుడు రెండుసార్లు కడుగుత. మురికి చేతులు మీకెట్ల చూపిస్త?”

ఆవిడ లేచి మంచం దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగారు.

“ఆయనకు ఇన్నాళ్ళు అన్ని మందులు రాసిన,” అన్నారు, ఎవరితోనో కాదు, తెరతోనే. తర్వాత నా వైపు తిరగకుండా, “పందెం నేనే గెలిచిన హైమా. అది మర్చిపోకు.”

“మర్చిపోను మేడమ్.”

“ఆ సిస్టర్‌కు ఫోన్ కలుపు.”

బొమ్మ పూర్తిగా దిగాక కలిపాను.

“ఏమ్మా, నువ్వు ఫొటో దిగుమని చెప్పి తియ్యకు. వాళ్ళు పనిల ఉన్నప్పుడు పోయి తియ్యి. చేతులు పెద్దగ పడాలె, డబ్బా పడాలె. ఇంక గా షెడ్డుల ఎవరెవరికి గిట్ల ఉన్నదో అందర్ని తియ్యి. రేకుల కప్పు వద్దు నాకు. సోమవారం నుంచి పొద్దున ఓపీ కాంగనే నేను చూస్త. అర్థమైందా?”

అవతల ఎస్తేరు ఏమందో నాకు వినపడలేదు. చాలాసేపు అంది.

“ప్రార్థన తర్వాత చేసుకో, ముందు ఫొటో పంపు,” అని ప్రమీలాదేవి గారు ఫోను పెట్టేశారు. “రెడ్డి గారూ, తాళాలు లోపల పెట్టుకోండి. గా పిల్లలకు చెప్పి ఫొటో జల్ది వచ్చేటట్టు చెయ్యండి. చుక్క పోతే పోనీ, నాకు చేతులు రావాలె.”

“అట్లే డాక్టరమ్మా,” అన్నారు రెడ్డి గారు. ఆయన్ని అంత వినయంగా నేను మళ్ళీ చూడలేదు.

ఒప్పుకోవడం ఇలా జరిగింది. ఇంతకన్నా వివరంగా నాకూ తెలియదు. ఏ డాక్టరైనా నేను వాదించి గెలిచినందుకు ఒప్పుకోలేదు. తను రోజూ చూస్తున్న మనిషిలో తను చూడనిది ఒకటి కనపడితే ఒప్పుకున్నారు. మీ పని అది కనపడేదాకా కంప్యూటర్ ఆపకుండా కూర్చోవడం.

ఆ పూట మిగతా పేషెంట్లు చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. ఎస్తేరు దగ్గర్నుంచి, ఇంతకుముందే తీసిన ఇంకో ఫొటో దిగడం మొదలైంది. దగ్గరగా తీసింది. ఈసారి రేకుల్లేవు, మొదటి గీత నుంచే చెయ్యి. ప్రమీలాదేవి గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. యాదగిరి కూడా చూద్దామని మెడ చాచి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“యాదగిరీ, జర పక్కకు జరుగు. నీ చేతులు కనిపిస్తలేవు నాకు.”

ఆయన గబగబా రెండు చేతులూ చాపాడు. “ఇగో అమ్మా.”

“గవి గాదయ్యా,” అన్నారావిడ, ఆ చేతుల్ని మెల్లగా పక్కకు నెట్టి.